డెనిస్ నోబుల్: ఐకే2 కరెంటు ఏమైంది?

చలనరేఖ (ప్రశ్న)
ఎమ్మెస్సీ ఫిజియాలజీ చదువుతున్నాను. సెమినార్‌కి, గుండె కణాల లయను గణిత మోడళ్లతో వివరించిన డెనిస్ నోబుల్ గారి పరిశోధన తీసుకున్నాను, ఒక చోట ఆగిపోయాను. 1960ల చివర్లో ఆయనా, రిచర్డ్ చెన్ కలిసి గుండెలోని పుర్కింజీ తంతువుల (గుండె కండరానికి విద్యుత్ సంకేతాన్ని మోసేవి) లయకు ఐకే2 అనే పొటాషియం కరెంటును కారణంగా చూపించారు. తర్వాతి పుస్తకాల్లో అదే చోట 'ఫన్నీ కరెంట్' కనిపిస్తోంది. ఐకే2 ఊసే లేదు. కొలతలు తప్పా? ఇంకో సంగతి, నాకు లెక్కలంటే టెన్షన్. అయాన్ ఛానెళ్ల (కణం పొరలో అయాన్లు వచ్చిపోయే దారుల) వైపు రావచ్చా?

పాతమీటర్
కొలతలకేం ఢోకా లేదండీ. వాటికి చెప్పుకున్న అర్థమే తిరగబడింది. నేను ప్యాచ్ క్లాంప్ (కణం పొర గుండా పోయే కరెంటును కొలిచే పరికరం) మీద చాలాకాలం కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ కథ నాకు ఇష్టం, కాస్త సాగదీస్తాను.

కణంలోపలి వోల్టేజీని ఇంకా రుణాత్మకంగా మార్చినప్పుడు కరెంటు మెల్లగా లోపలి వైపు జరుగుతుంది. బయటికి పోయే పొటాషియం దారి మూసుకుపోతున్నా గీత అలాగే వస్తుంది, లోపలికి వచ్చే కొత్త దారి తెరుచుకుంటున్నా అలాగే వస్తుంది. ఏది నిజమో తేల్చడానికి కరెంటు దిశ ఏ వోల్టేజీ దగ్గర మారుతుందో చూస్తారు. అది పొటాషియం సమతౌల్య వోల్టేజీ (పొటాషియం రాకపోకలు సరిసమానమయ్యే చోటు) దగ్గరే మారింది. ఇంకేం, పొటాషియమే అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకునేవారు.

మెలిక ఎక్కడంటే, పుర్కింజీ తంతువుల్లో కణాల మధ్య సందులు చాలా ఇరుకు. అక్కడ పొటాషియం తరిగిపోతుంది, దాంతోపాటు ఐకే1 అనే ఇంకో పొటాషియం కరెంటూ తగ్గుతుంది. ఆ తగ్గుదలే దిశ మారినట్టు కనిపించింది. 1981లో డారియో డిఫ్రాన్సెస్కో బేరియంతో ఐకే1ని ఆపేసి మళ్లీ కొలిచారు. దిశ మారడం పోయింది. మిగిలింది సోడియం, పొటాషియం రెండూ మోసే లోపలి కరెంటు. మీ పుస్తకాల్లోని ఫన్నీ కరెంట్ అదే. అంతకుముందే, 1979లో, గుండె లయ మొదలయ్యే సైనస్ నోడ్‌లో ఇలాంటిదాన్నే అడ్రినలిన్ పెంచుతుందని చూపించిన పేపర్‌లో డిఫ్రాన్సెస్కోతో పాటు నోబుల్ గారి భార్య సూజన్ పేరు కూడా ఉంది!

నోబుల్ ఐకే2ని పట్టుకుని వేలాడలేదు. డిఫ్రాన్సెస్కోతోనే కలిసి 1985లో కొత్త గణిత మోడల్ రాశారు. సందుల్లో పొటాషియం హెచ్చుతగ్గులు, సోడియం పంపు, సోడియం-కాల్షియం మార్పిడి అన్నీ సమీకరణాల్లోకి వచ్చాయి. నన్నడిగితే ఆయన పనిలో 1960 నాటి మొదటి గుండె కణం మోడల్ కంటే ఇదే గట్టిది.

లెక్కల మాటకొస్తే, ఆయన బడిలోనే గణితం వదిలేశారు. పీహెచ్‌డీలో ఆ మొదటి మోడల్ కోసం అవసరమై లండన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. అక్కడున్న ఫెరాంటీ మెర్క్యురీ కంప్యూటర్‌లో ఆయనకి దొరికిన సమయం రాత్రి రెండు నుంచి నాలుగు. "మీ సమీకరణాల్లో లయ పుట్టించే భాగమేదీ?" అని ఆ కంప్యూటర్ చూసుకునేవాళ్లు ముందు నిలదీశారట. అలాంటి భాగమేదీ విడిగా లేదు, కరెంట్లన్నీ కలిస్తే లయ దానంతటదే వచ్చింది. కాబట్టి మీరు భయపడకండి, అవకలన సమీకరణాలు కంప్యూటర్ చేస్తుంది. ఏ పదం ఎందుకుందో మీకు తెలిస్తే చాలు.

గోరింక
ఒక్కమాట కలుపుతాను. 1960 మోడల్లో కాల్షియం కరెంటు లేదు. గుండె కణంలో ఒక్కో విద్యుత్ స్పందన నాడీకణంలోకన్నా వందల రెట్లు పొడుగు కదా, ఆ పొడుగంతా సోడియంతోనే లాగించారు. గుండెలో కాల్షియం కరెంటుని హెరాల్డ్ రాయిటర్ 1967లో చూపించారు. స్లైడులో ఇది లేకపోతే ప్రశ్న తప్పదు.

చలనరేఖ
ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. మరి ఇప్పుడు ఈ రంగంలో కొత్తగా చేయడానికి ఏమైనా మిగిలిందా?

పాతమీటర్
కావలసినంత. ఫన్నీ కరెంటుని తగ్గించి గుండె వేగాన్ని తగ్గించే ఐవాబ్రాడిన్ మందుగా వాడుకలో ఉంది. ఇంకోవైపు హెచ్ఈఆర్‌జీ అనే పొటాషియం ఛానెల్‌ని మూసేసి, లయ చెడగొట్టే మందులు మార్కెట్ నుంచి పోయాయి, అలర్జీ మాత్ర టెర్ఫెనడిన్ లాగా. అప్పట్నుంచి కొత్త మందు ఏదైనా ఆ ఛానెల్ మీద పరీక్షించాల్సిందే. ఆ పనికి మనుషులు కావాలి, గుండె కణం మోడళ్లూ కావాలి.

సెమినార్‌లో బేరియం ఉన్న గ్రాఫ్, లేని గ్రాఫ్ పక్కపక్కన పెట్టండి. "బేరియం ఫన్నీ కరెంటుని కూడా ఆపేయదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దగా ఆపదు, దాన్ని ఆపేది సీజియం. ఆ గ్రాఫ్ కూడా దగ్గర పెట్టుకోండి.