పీహెచ్‌డీ తర్వాత గ్యాప్: మళ్లీ రీసెర్చ్‌లోకి వచ్చిన మహిళలు దారి చెప్పగలరా?

నమస్తే అండి. హైదరాబాద్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. పాప పుట్టాక, మావారికి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ కావడంతో కొన్నేళ్లు ల్యాబ్‌కి దూరమయ్యాను. ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో నా పేపర్ల గురించి అడిగింది తక్కువ. "పాప చిన్నది కదా, సాయంత్రాలు ల్యాబ్‌లో ఉండగలరా?" అన్నదే ఎక్కువ. అక్కడికే వచ్చిన నా క్లాస్‌మేట్‌కీ అదే వయసు బాబు ఉన్నాడు. అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. ఇది చాలా అన్యాయం అనిపించింది.

పీహెచ్‌డీ చేస్తున్నప్పుడైతే యూజీసీ నిబంధనల్లో మహిళలకు 240 రోజుల సెలవు, గడువులో అదనంగా 2 ఏళ్లు ఉన్నాయి. మనం వెనకబడిపోయేది మాత్రం ఎక్కువగా ఆ తర్వాతే.

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వాళ్ల వైజ్-పీడీఎఫ్‌కి (పీహెచ్‌డీ తర్వాత రీసెర్చ్ కోసం మహిళలకిచ్చే ఫెలోషిప్) అప్లై చేద్దామనుకుంటున్నాను. 27 నుంచి 60 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి వయసు సమస్య లేదు. టెన్షనంతా మెంటర్ గురించే. ఇన్నేళ్ల తర్వాత, పరిచయం లేని ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలి? గ్యాప్ సంగతి మొదటే చెప్పాలా? కొత్త పేపర్లు లేకుండా ప్రపోజల్ నిలబడుతుందా? వైజాగ్‌లోనే ఉంటూ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం రాయండి.