"ఎదుర్కొనుటకు": పోయి తోలుకొస్తామా, అటే పోతామా?

దేవరకొండ తమ్ముడు: మొన్న మా మేనత్త భూస్థాపనలో పాస్టరు గారు ప్రభువు రాకడ గురించి పౌలు రాసిన మొదటి థెస్సలొనీక 4:17 చదివారు. "ప్రభువును ఎదుర్కొనుటకు ఆకాశమండలమునకు మేఘములమీద కొనిపోబడుదుము." నా చెవిలో మాత్రం చిన్నప్పటి నుంచి "ఎదురేగుటకు" అనే ఉంది. మా నాయనమ్మ అట్లనే చదివేది. వేరే అనువాదమా, ఆమె సొంత మాటా? ఇంట్లో ఉన్న రెండు బైబిళ్లలోనూ "ఎదుర్కొనుటకు" అనే ఉంది.

గడియారం సెంటర్: సొంత మాటే అయ్యుంటుంది. ఎదుర్కోవడమంటే ఇప్పుడు పేపర్లో కరువునో, కేసునో. ప్రభువు మీదికి కొట్లాటకు పోతున్నామా అని ఆమెకూ అనిపించి ఉంటుంది.

పాలమూరు కోడలు: కొట్లాట ఏంది అన్నా, పెండ్లిళ్లల్ల ఎదురుకోళ్లు చూడలేదా? మత్తయి 25లో పదిమంది కన్యకలకు అర్ధరాత్రి వినబడ్డ కేక "అతనిని ఎదుర్కొన రండి". యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాల్లో కల్యాణానికి ముందు జరిగేది కూడా ఎదుర్కోలే.

మూసీ ఒడ్డు: చిక్కంతా అక్కడే ఉంది. ఎదురుకోళ్లకు పొలిమేర దాకా పోయి, పెండ్లికొడుకును తోలుకొని మళ్లీ ఊళ్లోకే వస్తాం. గ్రీకులో ఈ ఎదురుపోవడానికి మాట అపాంతేసిస్. అదే మాట అపొస్తలుల కార్యములు 28:15లోనూ ఉంది: రోమాలోని సహోదరులు పౌలు కోసం అప్పీయా సంతపేట, త్రిసత్రముల దాకా ఎదురొచ్చారు. తర్వాత పౌలు పోయింది రోమాకే. మరి లోకాంతానికి ముందు వస్తాయనే ఏడేండ్ల శ్రమలు తప్పించుకొని విశ్వాసులు పైనే ఉండిపోతారనే "ఎత్తబడుట" బోధ ఇందులో ఏదీ? అసలు "ఎత్తబడుట" అన్న మాటే ఈ వచనంలో లేదు. ఆ బోధను 1830లలో డార్బీ అనే బోధకుడు ప్రచారం చేశాడు, 1909లో స్కోఫీల్డ్ బైబిలు నోట్సుకెక్కింది, అట్లా మన ఉజ్జీవ కూడికల దాకా వచ్చింది.

గడియారం సెంటర్: తిరిగి రావడం మాత్రం ఉందా? "సదాకాలము ప్రభువుతో కూడ ఉందుము" అన్నాడు, ఎక్కడో చెప్పలేదు. యోహాను 14:3లో "తీసికొని పోవుదును" అని ఆయనే అన్నాడు గదా. పెండ్లికొడుకు ఇల్లరికం వస్తాడా ఏంది?

పాత పలక: నా పట్టు "కొని" మీద. ఎదుర్కొను, కొనిపోవు, రెండింట్లోనూ అదే. ఇప్పటి పిల్లలకు కొనిపోవడమంటే అంగట్లో కొనుక్కొని పోవడం. కొరింథీయులకు "విలువపెట్టి కొనబడినవారు" అని రాసిందీ పౌలే కనుక, అనువాదకుడు కావాలనే శ్లేష వేశాడని నా అనుమానం.

మూసీ ఒడ్డు: శ్లేష లేదు మాస్టారూ. బైబిల్లో చావు చూడకుండా హనోకూ కొనిపోబడ్డాడు, శిష్యుడు ఫిలిప్పునూ ఆత్మ కొనిపోయింది. గ్రీకులో హనోకుది వేరే క్రియ. ఫిలిప్పుది, మన వచనానిదీ హర్పాజో, గుంజుకొని పోవడం. తెలుగులో అన్నీ ఒకే గంపలో పడ్డాయి. యోహాను 10లో తోడేలు గొర్రెను పట్టేదీ హర్పాజోనే. ఆ లాగుడు "కొనిపోబడుదుము"లో వినబడదు.

పాలమూరు కోడలు: మా అవ్వ "కొంచవోయిండు" అంటే వినబడేది.

పాత పలక: హర్పాజో, హరణం! ఒకే ధాతువు కాదూ?

మూసీ ఒడ్డు: కాదు. గ్రీకు మాట మొదట్లో హకారం ఉంటే చాలాసార్లు అది పాత సకారం. సప్త, హెప్తా చూడండి. హరణంలో హకారానిది వేరే దారి.

పాత పలక: ధాతువు పోతే పోనీ. రుక్మిణీ కల్యాణంలో పోతన కృష్ణుడు "తెచ్చెద బాలన్ వ్రేల్మిడి" అన్నాడు. వ్రేల్మిడి, చిటికె వేసినంతలో! పౌలు "రెప్ప పాటున" అన్నా నాకు ఇదే గుర్తొస్తుంది. పైగా "కొనిపోయెద" అనలేదు, "తెచ్చెద" అన్నాడు, ద్వారకలో నిలబడి మాట్లాడుతున్నాడు కనుక. థెస్సలొనీకలో నిలబడ్డవాళ్లకు అదే కొనిపోబడుట.

పాలమూరు కోడలు: అయితే ఇంకోటి చూడండి సార్. అదే పద్యంలో "చొచ్చెద భీష్మకుని పురము" అన్నాడు. రుక్మిణిని రథమెక్కించుకున్నది మాత్రం ఊరి బయట, గౌరి గుడికి వచ్చినప్పుడు. ఆమె మళ్లీ ఊళ్లోకి పోలేదు.

గడియారం సెంటర్: విన్నారా? పోతన మా వైపు.

మూసీ ఒడ్డు: పోతనను పట్టుకొని పౌలును తేలుస్తారా! అది హరణం, ఎదుర్కోలు కాదు. అక్కడ లగ్నం పెట్టింది శిశుపాలుడితో.

దేవరకొండ తమ్ముడు: నాయనమ్మ "ఎదురేగుటకు" సంగతి?

పాత పలక: ఏగుటలో "కొను" లేదు కనుక నాకు నచ్చలేదు. ఆమె బైబిలు ఇంకా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టు.

దేవరకొండ తమ్ముడు: ఆమెతో పాటే పెట్టెలో పెట్టాం సార్.