ఉప్పుటేట్లో షికారు బోట్లు: ఆపించాలా, అదుపులో పెట్టాలా?

పెన్నాగట్టు: మా నెల్లూరు తీరంలో ఒక ఉప్పుటేట్లో ఆదివారం స్పీడు బోట్లు, జెట్ స్కీ తిప్పుతున్నారు. తెప్ప మీద వల లాగుతున్న పెద్దాయన పక్కనుంచే దూసుకుపోయారు. ఆ అలకి తెప్ప ఒరిగి, ఆయన వల వదిలేసి చెక్క పట్టుకున్నాడు. వీటిని ఆపించాలంటాను.

ఒంగోలు వాకర్: ఆపడం దేనికి? లైఫ్ జాకెట్ వేయించండి. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడిన బోటులో ఎక్కువమంది మా ఒంగోలు వాళ్ళే. దానికి పర్మిషనే లేదు.

పాలెం అబ్బాయి: జాకెట్ మీకు సరే సార్. మా వలకి ఎవరు వేస్తారు? పోయిన నెల వల తేలేందుకు కట్టే బెండ్ల మీదుగా పోయి వల కోసేశారు. అడిగితే ఐదొందలు చేతిలో పెట్టబోయారు.

సెలవు రాజా: ఆ జాకెట్ల చెమట కంపు భరించలేం అన్నా.

ఒంగోలు వాకర్: కంపైనా వేసుకో బాబూ. బకిల్ పెట్టకుండా తగిలించుకుంటే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి జారిపోతుంది. 2023లో పొదలకూరు దగ్గర తోడేరు చెరువులో పడవ తిరగబడి ఆరుగురు కుర్రాళ్ళు పోయారు, మర్చిపోయారా?

పాలెం అబ్బాయి: నేను వల గురించి అడిగాను సార్.

డెక్కు మనిషి: ఓడల్లో పనిచేసినవాణ్ణి, చెప్తున్నా. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిప్పుకోవాలి. వెనకనుంచి వచ్చి దాటేవాడే తప్పుకోవాలి. వల వేసి ఉన్న పడవకి ఇంజను బోటే దారివ్వాలి. అదేదో దయ చూపడం కాదు, సముద్రంలో రూలే అది. ఇక జెట్ స్కీ. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అది తిరగదు, తిన్నగా పోయి గుద్దుతుంది. పది నిమిషాలు కూడా నేర్పకుండా టూరిస్టు చేతికిస్తున్నారు. పడితే ఇంజను ఆగేలా మణికట్టుకి కట్టే తాడు హ్యాండిల్‌కి వేలాడుతుంటుంది.

బీచ్ బాబాయ్: రెండు వలలు తెగాయని ఊరికొచ్చే డబ్బు ఆపుకోవాలా? నీళ్ళు ఎవడబ్బ సొత్తు?

పాలెం అబ్బాయి: ఏ ఊరికి బాబాయ్? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మా ఇంజను బోట్లు ఒడ్డునే. అవే మీకు సెలవులు, షికారు బోట్లకి సీజను. టికెట్ కౌంటర్లో మా పాలెం వాడు ఒక్కడున్నాడా? ఇసుక మేట ఎక్కడుందో, పాటుకి, అంటే నీరు వెనక్కి తీసేటప్పుడు, అది ఎటు లాగుతుందో మా అన్నకి తెలుసు. పని అడిగితే లైసెన్సు ఉందా అన్నారు. ఇప్పుడు నడిపేవాడికి ఈతొచ్చో రాదో ఎవరూ అడగలేదు.

పెన్నాగట్టు: అంటే పనిస్తే వల తెగినా ఫర్వాలేదా? నీకోసమే కదయ్యా నేను మొదలుపెట్టింది!

పాలెం అబ్బాయి: ఆపమని నేనెప్పుడన్నానన్నా? అన్నది మీరు. మావాడు స్టీరింగ్ పడితే వల మీదికి ఎందుకు పోతాడు?

ఒంగోలు వాకర్: ఎవరు నడిపినా జాకెట్...

సెలవు రాజా: మళ్ళీ మొదలు 😄

బీచ్ బాబాయ్: సరే, వలలు ఎత్తాకే బోట్లు దించమని పాలెం కాపులు, అదే మీ పెద్దలు, దురాయి (ఊరి కట్టుబాటు) పెట్టొచ్చుగా?

పాలెం అబ్బాయి: చెప్పి చూశారు. కనీసం తెప్పల దగ్గర నెమ్మదిగా పొమ్మన్నారు. కస్టమర్లు ఒప్పుకోరంట.

డెక్కు మనిషి: కస్టమర్లు కాదులే. నెమ్మదిగా పోతే గంటకి రెండు ట్రిప్పులు తగ్గుతాయి.