టెలిస్కోపు కోసమే చేసిన పాత వేట రైఫిల్‌కు ఐరన్ సైట్లు (అద్దాలు లేకుండా గురి చూసే ఇనుప గుర్తులు) పెట్టించవచ్చా?

ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం:

మా తాతగారి .30-06 గుండు వాడే బోల్ట్ రైఫిల్ వారసత్వంగా నా లైసెన్సులోకి వచ్చింది. 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు ఆయన చింతపల్లి అడవుల వైపు వేటకు తీసుకువెళ్లేవారు. నేను రేంజిలో కాగితం మీదే కాలుస్తాను. రైఫిల్ గొట్టం పైభాగం నున్నగా ఉంది. ముందు సైటూ లేదు, వెనక సైటూ లేదు, వాటికోసం గాడి కూడా కోయలేదు. ఉన్న టెలిస్కోపు పనికిరాకుండా పోయింది. సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉంటాం. గత ఎన్నికలప్పుడు రైఫిల్‌ను పోలీసులకు డిపాజిట్ చేయడానికి బయటికి తీస్తే, లోపలి అద్దం మీద బూజు సాలెగూడులా పాకి ఉంది. గొట్టానికి రెండు రంధ్రాలు వేసి సైట్లు బిగించేస్తామని ఒక దుకాణంలో అన్నారు. మనసు ఒప్పక వెనక్కి తెచ్చేశాను. తెలిసినవారు చెప్పగలరు.

పాత టూల్‌రూమ్ ఫిట్టర్, గాజువాక:

బాబూ, తెచ్చేసి మంచి పని చేశారు. గొట్టం చివర వెర్నియర్‌తో కొలిచి చూడండి. అలాంటి సన్న గొట్టాలు 15 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. లోపలి రంధ్రం, గుండును తిప్పే మెలి గాళ్లతో కలిపి, 7.8 మిల్లీమీటర్లు. అంటే గోడ మందం మూడున్నర. స్క్రూ పట్టు కోసం రెండున్నర లోతు తవ్వితే మిగిలేది ఒక్క మిల్లీమీటరు. డ్రిల్ కొంచెం ఎక్కువ దిగితే గొట్టం పోయినట్టే.

అయితే రంధ్రం కంటే ముందు ఆలోచించవలసింది మీ చెంప. టెలిస్కోపు కోసం చేసిన రైఫిల్‌లో చెంప ఆనించే చెక్క ఎత్తుగా ఉంటుంది, అందువల్ల కన్ను పైన నిలుస్తుంది. నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇరవై ఏళ్ల కిందట నా రైఫిల్‌కు గొట్టం మీద పొట్టి సైట్లు పెట్టించాను. గురి కుదరాలంటే దవడ ఎముకను చెక్కలోకి నొక్కిపట్టాలి. పది గుండ్లకే చెంప వాచింది. సైట్లు తీయించినా బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే నల్లని పూత) మీద ఆ మచ్చ ఇంకా ఉంది, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

మీరు డబ్బు ఖర్చు పెట్టకముందే ఇలా చూడండి. చాంబరు (గుండు కూర్చునే గది) ఖాళీగా ఉందని రెండుసార్లు నిర్ధారించుకోండి. టెలిస్కోపు తీసి, గొట్టం చివర మైనం ముద్దలో అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టండి. వెనక రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీద కూడా ఒక మైనం ముద్ద పెట్టి, మీరు కొనదలచిన సైటు ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తుకు ఒత్తండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప హాయిగా ఆనించాక కళ్లు తెరవండి. ముద్ద అంచుకీ పుల్ల తలకీ గురి కలిస్తే సరే. మెడ వంచవలసి వస్తే ఆ సైటు మీ రైఫిల్‌కు తగదు.

నా మాట అడిగితే వెనక పీప్ సైటు, అంటే చిన్న రంధ్రంలోంచి చూసే సైటు, పెట్టించండి. టెలిస్కోపు బేస్ కోసం రిసీవర్ మీద ఇప్పటికే ఉన్న రంధ్రాల్లోనే బిగించేవి దొరుకుతాయి. ఎత్తుగా కూర్చుంటాయి కాబట్టి మీ చెక్కకు నప్పుతాయి. చిన్న రంధ్రంలోంచి చూస్తే కన్ను దానంతట అదే మధ్యకు చేరుతుంది. నలభై దాటినవారికి మామూలు సైటులోని వెనక గాడి మసకబారుతుంది, పీప్‌తో ఆ బాధ తక్కువ. ముందు సైటు గొట్టానికి ఉంగరంలా తొడిగే రకం తీసుకోండి. స్క్రూ లేకుండా మెత్తని టంకంతో అతుకుతుంది. వెండి టంకం వద్దు, దాని వేడి ఆరు వందల డిగ్రీలు దాటుతుంది, గొట్టానికి మంచిది కాదు. టంకం వేశాక వేడి ఉప్పు ద్రావణంలో బ్లూయింగ్ చేయించకూడదు, అతుకును తినేస్తుంది.

విజయనగరం నుంచి:

ఫిట్టర్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఈ పని ఇంట్లో గానీ లేత్ షాపులో గానీ వద్దు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవారికీ లైసెన్సు ఉండాలి. రసీదు మీద రైఫిల్ నంబరు రాయించుకోండి.

ఎం.వి.పి. కాలనీ:

మాస్టారూ, రాత్రి మైనంతో చూశాను. గొట్టం మీది పొట్టి సైటు ఎత్తుకు చేస్తే మెడ వంగింది, పీప్ ఎత్తుకు చేస్తే తల నిటారుగానే ఉండి గురి కలిసింది. గొట్టం చివర 15.2 వచ్చింది. ముందు సైటు ఎంత ఎత్తుండాలి?

పాత టూల్‌రూమ్ ఫిట్టర్:

అవసరానికి మించి ఎత్తుగా ఉన్నదే తీసుకోండి. ముందు సైటు ఎత్తయితే గుండు కిందికి పోతుంది, అరగదీస్తే పైకి వస్తుంది. అరగదీసిన ఇనుము మళ్లీ రాదు కదా. రెండు సైట్ల మధ్య దూరం 700 మిల్లీమీటర్లు అనుకుందాం. 50 మీటర్లలో గుండ్లు 140 మిల్లీమీటర్లు కింద పడితే, 140ని 700తో గుణించి 50,000తో (50 మీటర్లు మిల్లీమీటర్లలో) భాగించండి. దాదాపు 2 మిల్లీమీటర్లు తీయాలి. ఒకటిన్నర తీసి ఆపి, మళ్లీ కాల్చి చూసి, మిగతాది సన్న ఆకురాయితో తీయండి. ఉంగరం అంచుల్లో సముద్రపు తేమ నిలుస్తుంది, వారానికోసారి నూనె గుడ్డతో తుడవండి.