పండుగప్పకి ఇంట్లో కట్టే జిగ్: మేక వెంట్రుక పనికొస్తుందా?

లంక గాలం: యానాం దగ్గర గౌతమి పాయలో పండుగప్ప కోసం జిగ్‌లు నేనే చేస్తున్నాను, అంటే బరువు తల ఉన్న ఉత్తుత్తి ఎర గాలాలు. గాలం మెడకి సీసం తల పోసి, వెనక మేక తోక వెంట్రుకలు నైలాన్ దారంతో బిగించి, ముడి మీద నెయిల్ పాలిష్ పూస్తాను. అమెరికాలో బాస్ చేపకి జింక తోక వెంట్రుకలు కడతారు. మనకి మేకది సరిపోతుందా?

వశిష్ఠ ఒడ్డు: నెమ్మదిగా లాగేటప్పుడు మేకదే మేలు. జింక వెంట్రుక మొదట్లో గుల్లగా ఉంటుంది, దారం బిగిస్తే విచ్చుకుంటుంది. మేకది మెత్తన. జిగ్ ఆగినా కొసలు కదులుతూనే ఉంటాయి. పల్చగా కట్టండి, గుప్పెడు కడితే కదలదు. మన అడవి జింకల జోలికి మాత్రం పోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

కాలవగట్టు: బతికున్న రొయ్య గుచ్చితే పోయేదానికి ఇంత తతంగమా!

రాజోలు ఆడపడుచు: సీసం ఎక్కడ కరిగిస్తున్నారు?

లంక గాలం: వంటింటి వెనక వసారాలోనండి. పాత వల గుళ్ళే.

రాజోలు ఆడపడుచు: ఇంట్లో పిల్లలున్నారా? తెట్టు తీసినప్పుడు రాలే పొడి నేల మీద పడి, పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హంసలు మింగి చస్తున్నాయని బ్రిటన్ 1987లోనే గాలానికి కట్టే చిన్న సీసం గుళ్ళు ఆపేసింది.

వశిష్ఠ ఒడ్డు: అడిగింది వెంట్రుకల గురించి. మా నాన్న జీవితమంతా వలకి గుళ్ళు పోశాడు, ఏమీ కాలేదు.

రాజోలు ఆడపడుచు: రక్తపరీక్ష చేయించారా అన్నయ్యా?

వశిష్ఠ ఒడ్డు: ఇదే నాకు మండేది. కిందటేడు మా రేవులో కార్లు దిగినవాళ్ళు, సీసం బదులు వాడే టంగ్‌స్టన్ జిగ్‌లు చేత్తో పట్టుకుని, మా వల గుళ్ళు గోదారిని పాడు చేస్తున్నాయన్నారు. గుళ్ళన్నీ మార్చాలంటే డబ్బెవరిస్తారు? సరదాకి వచ్చేవాళ్ళు బతుకుతెరువు మీద తీర్పులు చెప్పడమేంటి?

కాలవగట్టు: సీసం పోసేవాళ్ళు ముందు అచ్చు వేడిచేసి ఆరబెట్టండి. చుక్క తడి ఉన్నా ఆవిరై, కరిగిన సీసం మొహం మీదకి చిమ్ముతుంది.

రాజోలు ఆడపడుచు: నేను కారు దిగినదాన్ని కాదన్నయ్యా, మాదీ వల ఇల్లే. మగాళ్ళు పోసొచ్చాక ఆ బట్టలు ఉతికింది మా అమ్మ, ఆ గిన్నె తోమింది నేను. మీ నాన్నగారికి ఏమీ కాలేదంటున్నారు. మీ అమ్మగారి సంగతి, పిల్లల సంగతి ఎవరైనా చూశారా? వల మానమనట్లేదు. వసారాలో వద్దు, ఆ గిన్నె ఇంట్లోకే రావద్దు, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

వశిష్ఠ ఒడ్డు: ఒడ్డున పొయ్యమంటే సరే చెల్లెమ్మా. మానమని బయటివాళ్ళు చెబితే మాత్రం వినను.

రాజోలు ఆడపడుచు: ఒడ్డున పోసినా బట్టలు ఇంటికే వస్తాయి.

లంక గాలం: వసారాలో ఈరోజు నుంచే బంద్. ఇనప నట్టు తలగా పెట్టి కడితే?

వశిష్ఠ ఒడ్డు: ఇనుము తేలిక. అంతే బరువు రావాలంటే తల పెద్దదవుతుంది, పోటు మీద నీళ్ళు నెట్టేస్తాయి. కాలవలో కొరమీనుకైతే వాడి చూడండి.