‘చుల్గా వెయిన్’కు తెలుగు మాట ఏది?

ప్రశ్న: కొరియన్ ధారావాహికలో అత్తింటి నుంచి అలిగి వచ్చిన కూతురిని తండ్రి ‘చుల్గా వెయిన్’ అన్నాడు. కింద తెలుగులో ‘పరాయిదానివి’ అని వేశారు. సరిపోయిందా? జపాన్‌లోనూ ఇలాంటి మాట ఉందా?

జవాబు: అర్థం వచ్చింది గానీ దెబ్బ తగలలేదండీ. పెళ్ళై వెళ్ళిన కూతురు బయటి మనిషి అని ఆ మాట. ‘ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు’ అని మన ఇళ్ళలో అంటారే, అదే పోటు.

దాన్ని నాలుగు చైనా అక్షరాలతో రాస్తారు. రెండో అక్షరంలో ఎడమవైపు స్త్రీ, కుడివైపు ఇల్లు. జపాన్‌లో ఇదే అక్షరాన్ని ‘యొమె’ అని చదువుతారు, అంటే కోడలు. కొరియా మాటలో గడప దాటి వెళ్ళిపోయిన ఆమె, జపాన్‌లో గడప లోపలికి వచ్చిన ఆమె!

ఇంటిపేర్లు చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. జపాన్‌లో 1898 నాటి పౌరస్మృతి భార్యను భర్త ఇంటిపేరులోకి చేర్చింది. నేటికీ దంపతులకు ఒకే ఇంటిపేరు ఉండాలని అక్కడి చట్టం, మార్చుకునేది దాదాపు ఎప్పుడూ భార్యే. కొరియా స్త్రీ పుట్టింటి పేరు వదలదు. దీన్ని స్వేచ్ఛ అని మెచ్చుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. అక్కడ వంశమంటే తండ్రి రక్తం. పుట్టింట బయటి మనిషి అయిన ఆమె, భర్త వంశంలోనూ వేరే రక్తమే. జపాన్‌లో ఇల్లు నిలవడం ముఖ్యం కనుక కొడుకులు లేకపోతే అల్లుణ్ణి దత్తత తీసుకుని ఇంటిపేరు ఇచ్చేవారు. కొరియాను ఏలిన పాత చోసన్ రాజ్యపు చివరి శతాబ్దాల్లో అయితే, కూతుళ్ళు ఉన్నా తండ్రివైపు దాయాదుల పిల్లవాణ్ణే తెచ్చుకునేవారు.

అయితే ఈ మాట అనాదిగా ఉన్న నీతి కాదు. 1485 నాటి చోసన్ ధర్మశాస్త్రం ధర్మపత్ని సంతానంలో కూతుళ్ళకూ కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. పండితుడు యీ ఈ, ఆయన తోబుట్టువులు 1566లో రాసుకున్న పంపకాల పత్రం ఇప్పటికీ ఉంది. పొలాలు, బానిసలు అందులో అక్కచెల్లెళ్ళకూ సమానంగా వచ్చాయి. ఆయన తల్లి, చిత్రకారిణి షిన్ సాయిమ్‌దాంగ్ పెళ్ళయ్యాక చాలాకాలం గంగ్నంగ్‌లోని పుట్టింట్లోనే ఉంది, ఆయన్ను అక్కడే కన్నది. ఆమెను బయటి మనిషి అని ఎవరనగలరు? తర్వాతి శతాబ్దంలో పితృకార్యాలు పెద్దకొడుకు చేతికి పోయాయి, ఆడపిల్లల వాటా కరిగింది.

ప్రశ్న: ఇప్పుడూ అదే పరిస్థితా?

జవాబు: మాట ఉంది, చట్టం మారింది. యొంగిన్ యీ వంశపు ఆడపడుచులు కోర్టుకెక్కారు. 2005 జులైలో కొరియా సుప్రీంకోర్టు వాళ్ళూ వంశసంఘంలో సభ్యులేనని తీర్పు ఇచ్చింది. ఇంటికి పురుషుడే పెద్ద అన్న నమోదు పద్ధతి 2008 నుంచి లేదు.

మీ అనువాదానికి నా సలహా: ‘నువ్విప్పుడు ఈ ఇంటి పిల్లవు కాదు’.