చర్చ: నోటి క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ అంటే భయంగా ఉంది

పాలకొండ_అబ్బాయి:
నాన్నకి నాలుక అంచున క్యాన్సర్. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మాట్లాడటం కూడా తగ్గించేశారు. పుండు నాలుక మీదైతే చెవిపోటు ఎందుకు? డాక్టరు గారు మార్ఫిన్ రాశారు. అలవాటైపోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.

వార్డు_సిస్టర్:
తమ్ముడూ, నాలుకకీ చెవి ముందు భాగానికీ స్పర్శ తెలిపేవి ముఖానికి స్పర్శనిచ్చే ఒకే ట్రైజెమినల్ నరం కొమ్మలు. అందుకే నాలుక నొప్పి చెవిలో తెలుస్తుంది. గడ్డ నరం వెంబడి పాకిందేమో కూడా డాక్టరుని అడుగు. క్యాన్సర్ కణాలు ఎండోథెలిన్ అనే రసాయనాన్ని, ప్రొటీన్లని ముక్కలు చేసే కొన్ని ప్రోటియేజ్ ఎంజైముల్ని వదులుతాయి. అవి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. దాంతో అన్నం మెతుకు తగిలినా నొప్పే.

మార్ఫిన్ గురించి భయపడకండి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనం కావడం అరుదు. మామూలు మాత్ర సాధారణంగా 4 గంటలకోసారి ఇస్తారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా టైముకి వేయాలి. మగత, వికారం కొన్నాళ్ళకి తగ్గుతాయి కానీ మలబద్ధకం తగ్గదు. విరేచనం మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి. మార్ఫిన్‌ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

మల్లాపూర్_కోడలు:
మా మామయ్యగారికి బుగ్గలో వచ్చింది. కరెంటు షాక్ కొట్టినట్టుండే నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలలేదు, నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్ కలిపాక నిద్రపోయారు. రేడియేషన్‌తో నోరంతా పూసినప్పుడు తినేముందు లిగ్నోకైన్ జెల్ రాసేవాళ్ళం. నోరు మొద్దుబారి పొలమారుతుంది, కొంచెం కొంచెంగా పెట్టండి.

మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో దొరకడం కష్టం. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇవ్వడం కొంత సులువైంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే పాలియేటివ్ విభాగం ఉంది. మీకు దగ్గర్లో ఎక్కడుందో మీ డాక్టరునే అడగండి.

పాలకొండ_అబ్బాయి:
చాలా థ్యాంక్స్ అక్కా, సిస్టర్ గారూ. మాత్ర మింగలేకపోతున్నారు. పొడి చేసి ఇవ్వొచ్చా?

వార్డు_సిస్టర్:
మామూలు మాత్రైతే పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వొచ్చు. అట్ట మీద ఎస్.ఆర్. అని ఉంటే మాత్రం అస్సలు నలపొద్దు. మెల్లగా విడుదల కావాల్సిన మందంతా ఒకేసారి ఒంట్లోకి పోయి ఊపిరికే ప్రమాదం. అట్ట పట్టుకెళ్ళి ఫార్మసిస్టుకి చూపించి, ఆ తర్వాతే ఇవ్వు.